నామినేషన్‌కి ముందే ముగిసిపోయే ఎన్నిక: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యాపారుల డబ్బు

కావలి కాలవగట్టు (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. ఎన్నికలంటే మనం మాట్లాడుకునేదంతా ఓటుకు ఎంతిచ్చారు, ఏ వీధిలో పంచారు, ఎవరికి అందలేదు అన్న కాడికే ఆగిపోతోంది. దానికంటే ముందు జరిగేదాని గురించి మాట్లాడదామని ఈ చర్చ పెట్టాను. టికెట్లు ఖరారయ్యే రోజుల్లో జిల్లా పేజీలు తిరగేయండి. ఫలానా నియోజకవర్గంలో ఆర్థికంగా బలమైన అభ్యర్థి కోసం చూస్తున్నారని ప్రతి పార్టీ గురించీ రాస్తారు. ఏళ్ళ తరబడి జెండా మోసినవాడు పక్కకి జరుగుతాడు. కాంట్రాక్టులో, కాలేజీల్లో, గనుల్లో, రొయ్యల్లో సంపాదించినాయన ముందుకొస్తాడు. మనం పోలింగ్ బూత్‌కి వెళ్ళేసరికి అటూ ఇటూ ఉన్నది డబ్బున్నవాళ్ళే.

2024 అఫిడవిట్లు చూడండి. నెల్లూరు ఎంపీగా గెలిచిన వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి గారు చూపిన ఆస్తి సుమారు 716 కోట్లు. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారిది 5,700 కోట్ల పైన, ఆ ఎన్నికల్లో గెలిచిన ఎంపీలందరిలోకీ ఎక్కువ. ఆస్తి ఉండటం తప్పని నేననను. వాళ్ళు లెక్క రాసిచ్చారు కాబట్టే మనకు తెలిసింది. నేనడిగేది వేరు. డబ్బు లేనివాడు అసలు పోటీలోకి వచ్చే దారి మన జిల్లాల్లో మిగిలిందా? పోటీ చేయకుండా వెనక నుంచి డబ్బు పెట్టే వ్యాపారులకు తిరిగి ఏం దక్కుతోంది? మీరు కళ్ళారా చూసింది రాయండి. విన్నవి వద్దు.

బుచ్చి రైతుబిడ్డ:

అన్నా, మాట కటువుగా ఉన్నా చెప్తా. తప్పు మనదే. చెయ్యి చాపేవాడు లేకపోతే ఇచ్చేవాడు యాడ నుంచి వస్తాడు? మా ఊళ్ళో పోలింగ్ ముందురోజు రాత్రి గడప గడపకీ నిద్రపోకుండా కూర్చుంటారు. అందకపోతే మర్నాడు ఓటెయ్యడానికి కూడా కదలరు. అడిగి మరీ తీసుకున్నాక, గెలిచినాయన ఇసక తోలుకుంటా ఉంటే అడిగే నోరు ఎవరికుంటాది? వ్యాపారస్తుణ్ణి అనబోయే ముందు మన ఇంట్లో వాళ్ళని మనం అడగాల.

కోవూరు ఏజెంటు:

రైతుబిడ్డా, నేను బూత్ ఏజెంటుగా కూర్చున్నవాణ్ణి. పంపకం దగ్గర నుంచి చూశాను, అదెట్లా జరుగుతుందో చెప్తా, తర్వాత నువ్వే చెప్పు తప్పెవరిదో.

ఓటర్ల జాబితా జిరాక్సు తీసి పేజీలుగా విడగొడతారు. ప్రతి పేరు పక్కనా గుర్తు పడుతుంది. మనవాళ్ళకి టిక్కు, అవతలివాళ్ళకి ఇంటూ, తేలనివాళ్ళకి సున్నా. ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు వేరే రంగు పెన్నుతో కొట్టేస్తారు, బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్నవాళ్ళకి బస్సు చార్జీ విడిగా లెక్క. జాబితా పట్టుకునేది ఊరి మనిషి, సంచి పట్టుకునేది మాత్రం ఊరి మనిషి కాదు. అభ్యర్థి వ్యాపారంలో పనిచేసే గుమాస్తానో, సైట్ సూపర్‌వైజరో వచ్చి పక్కన నిలబడతాడు. ఊరి నాయకుడు మధ్యలో నొక్కేస్తాడని భయం. పార్టీ పనిని కంపెనీ మనుషులు చెయ్యడం అప్పుడే మొదలైపోయింది. ఇరవై ఏళ్ళు పార్టీలో ఉన్న కార్యకర్త ఆ రాత్రి సూపర్‌వైజరుకి దారి చూపించేవాడుగా మిగిలాడు.

ఇంకో సంగతి. మా బూత్‌లో రెండు పార్టీలూ పంచాయి. జనం రెండు చేతులా తీసుకున్నారు, ఎవరికి వెయ్యాలనుకున్నారో వాళ్ళకే వేశారు. ఎక్కువ పంచినాయన మా బూత్‌లో వెనకబడ్డాడు. అంటే పంపకం ఓటుని కొనలేదు. అది చేసిన పని ఒక్కటే, పంచలేనివాణ్ణి అసలు నామినేషన్ దాకా రానివ్వలేదు. మా మండలంలో చదువుకున్న, మంచిపేరున్న ఎంపీటీసీ ఒకాయన ఉన్నాడు. ఎమ్మెల్యేగా నిలబడమంటే ఒకే మాట అన్నాడు: "పంపకం రోజు రాత్రి నేను తలుపేసుకొని పడుకోవాలి. అంతకంటే నిలబడకపోవడం మేలు."

పినాకిని ఆడిటర్:

ఏజెంటు గారి మాట మీద కొన్ని లెక్కలు చేరుస్తాను, నా వృత్తి ఇదే.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 జనవరిలో పెంచారు, అంతకుముందు అసెంబ్లీకి 28 లక్షలు ఉండి 2020లో పది శాతం పెరిగింది. ఇక్కడ మూడు పెద్ద కంతలున్నాయి.

మొదటిది, ఈ పరిమితి అభ్యర్థికే, పార్టీకి లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని చెప్పింది. ఆ తీర్పు అమలైతే ఎందరి పదవులో పోయేవి. వెంటనే ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత చట్టం చేసి, పార్టీ ఖర్చుని లెక్కలోంచి తీసేశారు. ఇప్పుడా మినహాయింపు కొంత కుదించారు గానీ పార్టీ ఖర్చుకి హద్దు మాత్రం ఈరోజుకీ లేదు.

రెండోది, ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం లెక్క మొదలయ్యేది నామినేషన్ రోజున, ముగిసేది ఫలితం రోజున. నామినేషన్‌కి ముందు రెండేళ్ళపాటు మీరు నియోజకవర్గమంతా డబ్బు గుమ్మరించినా అది ఎన్నికల ఖర్చు కాదు.

మూడోది పార్టీ విరాళాలు. దానికి మళ్ళీ వస్తాను, పొడుగ్గా రాయాలి.

కనిగిరి మెట్ట:

ఆడిటర్ గారూ, మీరు చెప్పిన ఆ రెండో కంత మా ఇంటి ముందే ఉంది.

మాది పడమటి పక్క. ఫ్లోరైడ్ నీళ్ళు. మా అమ్మమ్మకి నడుము వంగిపోయింది, మా నాన్న వాళ్ళ ఈడువాళ్ళందరికీ పళ్ళు గారపట్టాయి. ప్రభుత్వం నీళ్ళిస్తామని చెప్పడం నేను బడికి పోయేటప్పటి నుంచీ వింటున్నా. ఎన్నికలకి ముందు ఒక వ్యాపారి ట్రస్టు పేరుతో ఊళ్ళో ఆర్వో ప్లాంటు పెట్టించారు. రేకుల షెడ్డు, నీలం ట్యాంకు, గోడ మీద ఆయన నిలువెత్తు బొమ్మ. బిందె నింపుకోవాలంటే ఆ బొమ్మ కిందే నిలబడాలి. తర్వాత కంటి శిబిరం పెట్టారు, రాములవారి గుడికి మండపం కట్టించారు, పదో తరగతి పిల్లలకి పుస్తకాలిచ్చారు. ఆ తర్వాతే తెలిసింది ఆయన టికెట్ అడుగుతున్నారని.

అన్నలూ, నేను ఆయన్ని తిట్టలేను. మా పిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారు. కానీ ఆ ప్లాంటు మోటారు కాలిపోతే ఎవర్నడగాలి? పంచాయతీని అడిగితే మాది కాదంటారు. ట్రస్టు వాళ్ళని అడిగితే ఎన్నికలయ్యాక చూద్దామంటారు. ప్రభుత్వం కుళాయి అయితే ఎండీఓ ఆఫీసు ముందు బిందెలు పెట్టి కూర్చుంటాం, మాకు హక్కుంది. దానంగా వచ్చినదాని మీద ఏం హక్కుంటుంది? మా ఊళ్ళో ఆయన గురించి ఒక్క మాట ఎదురు చెబితే నీళ్ళు తాగుతూ అంటావా అని మా వాళ్ళే నోరు మూయిస్తారు. ఓటుకిచ్చిన డబ్బు ఒక్క రాత్రి పని. ఈ నీళ్ళు రోజూ పొద్దున్నే గుర్తుచేస్తాయి.

కావలి కాలవగట్టు:

చెల్లెమ్మా, నాకు తట్టని కోణం ఇది. చాలా థాంక్స్. కావలి వైపు కూడా అంబులెన్సులు, చలివేంద్రాలు, ఉచిత బస్సు యాత్రలు టికెట్ల కాలం దగ్గరపడేకొద్దీ ఎక్కువవుతాయి.

ఒంగోలు రాయివ్యాపారం:

అందరూ ఒక వైపే రాస్తున్నారు. ఇటు వైపు కూడా వినండి. నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతాను. పెద్దవాణ్ణి కాదు. చీమకుర్తి గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది గానీ ఆ మాట మీద మేమంతా కోటీశ్వరులం అనుకోవద్దు.

వ్యాపారి రాజకీయ నాయకుణ్ణి కొంటున్నాడని అంటున్నారు. మా అనుభవంలో చాలాసార్లు అది తలకిందులు. అడిగితే ఇస్తాం, ఇవ్వకపోతే బతకలేం. లీజు రెన్యువల్ గనుల శాఖలో, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఒక చోట, కరెంటు లోడు ఒక చోట, లారీకి పర్మిట్టు ఇంకో చోట. ఎక్కడ ఒక్క సంతకం ఆగినా యూనిట్ ఆగుతుంది, కూలీలకి పని ఉండదు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఎవరు ఎవరికి దగ్గర అని లెక్కలు తీస్తారు, తనిఖీలు మొదలవుతాయి. అందుకే నాకు తెలిసినవాళ్ళు రెండు పార్టీలకీ ఇస్తారు. దాన్ని మీరు ప్రభావం అంటారు, మేము బీమా అనుకుంటాం. రెండు పార్టీలకీ ఇచ్చినవాడు ఎవర్ని కొన్నట్టు?

ఆత్మకూరు పాత కాంట్రాక్టరు:

రాయివ్యాపారం అన్న చెప్పింది నిజమే, సగం నిజం.

నేను చిన్న పనులు చేసేవాణ్ణి, సిమెంటు రోడ్లు, సైడు కాలవలు. పని ముందు చేస్తాం, బిల్లు తర్వాత వస్తుంది. ఆ మధ్యలోనే అంతా ఉంటుంది. రాష్ట్రంలో బిల్లుల కోసం హైకోర్టుకి పోయిన చిన్న కాంట్రాక్టర్లు ఎంతమందో పేపర్లో చూసే ఉంటారు. ముందు చేసినవాడికి ముందు బిల్లు అన్న క్రమం కాగితం మీద ఉంటుంది. పైన మనిషి ఉన్నవాడికి బిల్లు వస్తుంది, లేనివాడు వడ్డీలు కట్టుకుంటూ కూర్చుంటాడు. నేను భార్య నగలు కుదువబెట్టి కూలీలకి ఇచ్చాను.

అన్నా, మీలాంటి చిన్నవాళ్ళు భయంతో ఇస్తారు, ఒప్పుకుంటాను. పెద్దవాళ్ళ సంగతి వేరు. టెండర్లో ఎవరు అర్హులో చెప్పే షరతు, అంటే ఇంత టర్నోవర్ ఉండాలి, ఇలాంటి పని ఇంతకుముందు చేసి ఉండాలి అన్న రెండు లైన్లు ఎట్లా రాశారన్నదాని మీదే పని ఎవరికి పోతుందో తేలిపోతుంది. ఆ రెండు లైన్ల దగ్గర కూర్చునే శక్తి మీకూ నాకూ లేదు. డబ్బు పెట్టినవాడికి దక్కేది అదీ. లంచం ఇచ్చి నియమం తప్పించుకోవడం చిన్నవాళ్ళ పని. నియమాన్నే తమకు తగ్గట్టు రాయించుకోవడం పెద్దవాళ్ళది.

పినాకిని ఆడిటర్:

ఇప్పుడు విరాళాల సంగతి. పాత కాంట్రాక్టరు గారు సరిగ్గా ఆ చోటికే తెచ్చారు.

కంపెనీలు పార్టీలకి డబ్బివ్వడం కొత్తది కాదు. 1957లో టాటా స్టీల్ కంపెనీ పార్టీలకి విరాళమిచ్చేలా తన నిబంధనలు మార్చుకుంటామని అడిగితే బొంబాయి హైకోర్టులో జస్టిస్ ఎం.సి.చాగ్లా, చట్టం అడ్డుపడదు కాబట్టి అనుమతించారు. అనుమతిస్తూనే ఇది ప్రజాస్వామ్యం గొంతు నులిమే దాకా పోగలదని హెచ్చరించి, పార్లమెంటు దృష్టి పెట్టాలని కోరారు. 1969లో కంపెనీ విరాళాలు పూర్తిగా నిషేధించారు. నిషేధంతో డబ్బు ఆగలేదు, చెక్కు నుంచి సూట్‌కేసులోకి మారింది. 1985లో మళ్ళీ అనుమతించారు. 2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్ వచ్చేసరికి గత మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతం దాకా ఇవ్వొచ్చు, ఏ పార్టీకి ఎంతిచ్చారో లాభనష్టాల పట్టికలో చూపించాలి.

2017 ఫైనాన్స్ చట్టం ఆ 7.5 శాతం పరిమితిని ఎత్తేసింది. ఏ పార్టీకి ఇచ్చారో చెప్పనక్కర్లేదంది. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఇచ్చేందుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఏ ఆడిటరుకైనా ముందు వచ్చే ప్రశ్న. దాంతోపాటే ఎన్నికల బాండ్లు, అంటే ఇచ్చినవాడి పేరు బయటపడకుండా పార్టీకి డబ్బు చేర్చే బ్యాంకు పత్రాలు. 2018 నుంచి స్టేట్ బ్యాంకు అమ్మింది, వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా. మొత్తం 30 విడతల్లో దాదాపు 16,518 కోట్లు. 2024 ఫిబ్రవరి 15న జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 7.5 శాతం పరిమితి ఎత్తేయడాన్నీ కొట్టేసింది. ఓటరుకి తెలుసుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(ఎ)లో, అంటే భావప్రకటన స్వేచ్ఛలోనే ఉందన్నది తీర్పు సారం.

నెలలోపే పేర్లు బయటికొచ్చాయి. అందరికంటే ఎక్కువ కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాదుదే, మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. తీసుకున్నవాళ్ళలో బీజేపీకి 6,000 కోట్ల పైన, తృణమూల్‌కి 1,600 కోట్ల పైన, కాంగ్రెస్‌కి 1,400 కోట్ల పైన, బీఆర్ఎస్‌కి 1,200 కోట్ల పైన. మన రాష్ట్రంలో వైసీపీకి సుమారు 337 కోట్లు, టీడీపీకి సుమారు 219 కోట్లు. ఇవన్నీ 2019 ఏప్రిల్ తర్వాతి లెక్కలు. ఇది చట్టబద్ధంగా ఇచ్చిన డబ్బు, దీంట్లో ప్రతి రూపాయీ పనికోసమే ఇచ్చారనడానికి లేదు. కానీ ఆ జాబితా పైవరసలో కిరాణాకొట్టు వాడు లేడు, రైతు లేడు. ప్రభుత్వ పనులు, అనుమతులు, లైసెన్సులు అవసరమైన వ్యాపారాలే పైవరసలో ఉన్నాయి. నాకు అది చాలు.

రాయివ్యాపారం గారూ, మీ ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఒకే కంపెనీ అధికారపక్షానికీ ప్రతిపక్షానికీ ఇచ్చింది. ఏ ఒక్కర్నీ కొననవసరం లేదు, ఎవరొచ్చినా తలుపు తెరిచే ఉంటుంది.

బుచ్చి రైతుబిడ్డ:

ఆడిటర్ సారూ, బాండ్లు పోయినాయి కదా, ఇప్పుడేం చేస్తా ఉండారు?

పినాకిని ఆడిటర్:

ఎలక్టోరల్ ట్రస్టులు. 2013 నుంచీ ఉన్నాయి. కంపెనీలు ట్రస్టుకిస్తాయి, అది ఏడాదిలో వచ్చినదాంట్లో కనీసం 95 శాతం పార్టీలకి పంచాలి. ఎవరిచ్చారు, ఎవరికి పోయింది అన్న రెండు జాబితాలూ ఎన్నికల సంఘానికి వస్తాయి. ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకి పోయిందో మాత్రం ఆ రెండు జాబితాల మధ్య తెగిపోతుంది. నగదు విరాళం రెండు వేలు దాటకూడదు. 20 వేల లోపు ఇచ్చినవాళ్ళ పేర్లు పార్టీ చెప్పనక్కర్లేదు.

రిటైర్డ్ ఉద్యోగి, సింగరాయకొండ:

ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. ఖర్చు లెక్కల వైపు పనిచేసినప్పుడు చూసింది చెబుతాను. ఇప్పుడు ఉద్యోగంలో లేను కాబట్టి రాయగలుగుతున్నాను.

ఎన్నికలకి ముందు జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసు ఒక రేట్ల జాబితా ఇస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ రోజుకి ఎంత, షామియానా ఎంత, టీ ఎంత, టిఫిన్ ఎంత, డప్పు వాళ్ళకెంత, ఆటోకి ఎంత. వీడియో బృందం సభకి పోయి అంతా తీస్తుంది. సాయంత్రం మేము కూర్చుని వీడియో ఆపి ఆపి కుర్చీలు వరస ప్రకారం లెక్కేసి, ఫ్లెక్సీల కొలతలు అంచనా కట్టి మా రిజిస్టర్‌లో రాసేవాళ్ళం. అభ్యర్థి ఏజెంటు తెచ్చిన రిజిస్టర్‌లో కుర్చీలు సగం ఉంటాయి. నోటీసు ఇస్తే మళ్ళీ వచ్చి సరే కలుపుతామంటారు. కుర్చీల మీద, బిర్యానీ పొట్లాల మీద గంటలకొద్దీ వాదన జరిగేది.

అంత శ్రద్ధగా చేసిన పనే. కానీ ఆ రెండు రిజిస్టర్లలో ఏ ఒక్కదాంట్లోనూ పంపకం డబ్బు ఒక్క రూపాయి ఉండదు. కోవూరు ఏజెంటు గారు చెప్పిన సంచి మా కుర్చీల లెక్క పక్కనుంచే పోతుంది. చివరికి అభ్యర్థులందరూ పరిమితికి చాలా తక్కువ ఖర్చు చూపి లెక్క ముగిస్తారు. ఖర్చు దాచినందుకు ఎన్నికల సంఘం ఒక ఎమ్మెల్యేపై అనర్హత వేటు వేసిన సందర్భం ఉత్తరప్రదేశ్‌లో ఉంది. 2011లో ఉమ్లేశ్ యాదవ్, డబ్బిచ్చి వార్తలు వేయించుకున్న ఖర్చు చూపనందుకు. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2019 ఏప్రిల్‌లో తమిళనాడులో వేలూరు లోక్‌సభ ఎన్నికనే డబ్బు దొరికిందని రద్దు చేశారు. ఆగస్టులో మళ్ళీ పెడితే, ఏ పార్టీ వైపు డబ్బు దొరికిందన్నారో ఆ పార్టీ అభ్యర్థే గెలిచారు.

తెలుగు మాస్టారు:

పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నన్ను ఎప్పుడూ కలచివేసే విషయం ఒకటి రాస్తాను. మన జిల్లాకి ఎవరి పేరు పెట్టుకున్నాం? వినోదరాయునిపాలెంలో పుట్టి, మద్రాసులో బారిస్టరుగా లక్షలు సంపాదించి, 1921లో ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి, ఉన్నదంతా దానికీ ఉద్యమానికీ పోసినాయన ప్రకాశం పంతులు. ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. పక్కన నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వాముల ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు తన వాటా ఆస్తి వదులుకుని, పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళారు.

వాళ్ళిద్దరూ కూడా డబ్బున్న ఇళ్ళ నుంచో, డబ్బున్న వృత్తి నుంచో వచ్చినవాళ్ళే. కాబట్టి డబ్బున్నవాడు రాజకీయాల్లోకి రాకూడదని నేననను. పదవిలోకి పోయాక ఆస్తి ఎటు నడిచిందన్నది చూడాలంటాను. వరసగా పోటీ చేసినవాళ్ళ అఫిడవిట్లు 2004 నుంచి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ వేసిన కేసులో 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వబట్టే ఆ కాగితాలు మన చేతికి వచ్చాయి.

అల్లూరు చెరువులు:

మాస్టారూ, నేను రొయ్యల రైతుని. మా గోడు కూడా కొంచెం వినాల. 1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఎస్.జగన్నాథ్ కేసులో తీరప్రాంత నియంత్రణ పరిధిలో పెట్టిన రొయ్యల చెరువులు తీసేయమన్నది. మా తీరమంతా గుండె ఆగినట్టయింది. చివరికి 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, ఆ నియంత్రణ చెరువులకి వర్తించదని వెనకటి తేదీ నుంచి అమలు చేసింది. దానివల్ల పెద్ద కంపెనీలూ బతికాయి, రెండెకరాల నేనూ బతికాను. అందుకని వ్యాపారం కోసం చట్టం మారిందంటే అంతా దోపిడీ అనుకోబాకండి.

కాకపోతే తేడా ఎక్కడుండాదంటే, మేత ధర పెరిగినా, రొయ్య సైజుని బట్టి కట్టే కౌంటు రేటు పడిపోయినా మేం రోడ్డు మీద కూర్చోవాల. ఎగుమతి చేసేవాళ్ళు, మేత కంపెనీవాళ్ళు మంత్రి దగ్గర కూర్చుంటారు. కరెంటు యూనిట్ రూపాయిన్నరకి ఇస్తామన్నా అది ఎవరికి, ఎన్నెకరాల దాకా అన్నది ఆ గదిలోనే తేలిపోతుంది. మా సంఘం దగ్గర పార్టీకిచ్చే నిధి లేదు. ఉన్నది మా ఓట్లే. అవి అయిదేళ్ళకోసారి. వాళ్ళకి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటాది.

కలిగిరి అక్క:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాది సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట పక్క ఊరు. ఓట్లు తప్ప ఇంకేం లేదనుకోవద్దు తమ్ముడూ.

ఆడవాళ్ళు సారాకి ఎదురుతిరిగిన రోజుల్లో నేను చిన్నపిల్లని, మా అమ్మ ఆ గుంపులో ఉంది. సారా వేలంపాటలు పాడుకున్న కాంట్రాక్టర్లంటే అప్పుడు ఎంత బలమో ఇప్పటి పిల్లలకి తెలీదు. వాళ్ళ డబ్బు లేకుండా ఎన్నిక జరిగేది కాదు, వాళ్ళ పాట లేకుండా సర్కారు ఖజానా నిండేది కాదు. ఒకవైపు పార్టీలు, ఒకవైపు ప్రభుత్వ ఆదాయం, రెండూ వాళ్ళ చేతిలో. అట్లాంటోళ్ళని ఎదిరించింది అక్షరదీపం రాత్రిబడిలో పలకలు పట్టిన ఆడవాళ్ళు. రోశమ్మ గారు, మా ఊళ్ళ ఆడవాళ్ళు సారా ప్యాకెట్లు ఊళ్ళోకి రానివ్వలేదు. ఊళ్ళో ఆపితే చాలదని తెలుసుకుని 1992లో నెల్లూరులో వేలంపాట జరిగే చోటికే పోయారు. పాట ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. మా అమ్మ చెప్పేది, కొంగులో చద్దిమూట కట్టుకుని లారీలో పోయామని, పోలీసులు వెనక్కి తోస్తే గేటు దగ్గరే కూర్చున్నామని. 1993 ఏప్రిల్లో మా జిల్లాలో సారా ఆపారు, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. 1995లో పూర్తి నిషేధం, 1997లో మళ్ళీ ఎత్తేశారు.

ఎత్తేశారు కాబట్టి ఓడిపోయామని కొందరంటారు. నేను ఒప్పుకోను. వాళ్ళు పోయింది ఎమ్మెల్యే ఇంటికి కాదు, ఓటు రోజుకీ కాదు. డబ్బు ఎక్కడ పుడుతుందో ఆ పాట దగ్గరికి పోయారు. ఇక్కడ అందరూ రాసిందాంట్లో అట్లాంటి చోట్లు ఏవో చూడండి. టెండరు షరతులు రాసే చోటు ఒకటి. ఇసుక రీచ్‌లు, గనుల లీజులు ఇచ్చే చోటు ఒకటి. మా కనిగిరి చెల్లెలి ఊళ్ళో అయితే పంచాయతీ నీళ్ళ పథకం ఎందుకు ఆగిందో ఆ ఫైలు ఒకటి.

కనిగిరి మెట్ట:

అక్కా, ఆ ఫైలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతాను. మంజూరైన పథకం, ఎంత పని జరిగింది, ఎందుకు ఆగింది, మూడే ప్రశ్నలు. మా ఊరి పొదుపు సంఘం పేరుతో కాకుండా నా పేరుతోనే పెడతాను, సంఘంలో రెండు పార్టీలవాళ్ళూ ఉన్నారు.

ఒంగోలు రాయివ్యాపారం:

అక్క రాసింది రెండుసార్లు చదివాను. నాది ఒక ప్రతిపాదన. లీజులు, అనుమతుల దరఖాస్తులు వచ్చిన వరసలో, ఏ తేదీన ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్ళు ఉన్నాయో అందరికీ కనిపించేలా పెట్టమని మా యూనిట్ల వాళ్ళమే అడగాలి. ఆగినచోట పేరు కనిపిస్తే డబ్బు అడిగేవాడికి ధైర్యం తగ్గుతుంది. మాలో చాలామంది దీనికి సంతకం పెడతారు. పెద్ద క్వారీలవాళ్ళు పెడతారని నేను మాటివ్వలేను.

బుచ్చి రైతుబిడ్డ:

పార్టీలకి ప్రభుత్వమే ఖర్చిస్తే పోతుంది కదా ఈ గొడవంతా?

పినాకిని ఆడిటర్:

1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ కొంతమేర, అదీ వస్తురూపంలో ఇవ్వమంది. నాకు అభ్యంతరం ఒకటే. పార్టీ ఖర్చుకి హద్దు పెట్టకుండా ప్రభుత్వ డబ్బు ఇస్తే, వ్యాపారి డబ్బు ఆగదు, దాని పైన ఇదొకటి చేరుతుంది. ముందు పార్టీ ఖర్చుకి పరిమితి, లెక్కల తనిఖీ. 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు కిందికి వస్తాయని చెప్పింది. ఒక్క పార్టీ కూడా పాటించలేదు. అది జరగకుండా ప్రభుత్వ డబ్బు ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

తెలుగు మాస్టారు:

నేను ఇక్కడ విభేదిస్తాను. హద్దు పెట్టేదాకా ఆగుదామంటే ఏజెంటు గారు చెప్పిన ఆ ఎంపీటీసీ ఎప్పటికీ నిలబడలేడు. కరపత్రాలు, సభాస్థలం, రేడియో సమయం లాంటివి అభ్యర్థులందరికీ సమానంగా ప్రభుత్వమే ఇవ్వడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

కావలి కాలవగట్టు:

రెండు మాటలూ ఆలోచించదగ్గవే. ఈలోగా మనం చేయగలిగింది ఒకటి అడుగుతాను. రిటైర్డ్ సారూ, అభ్యర్థులు ఇచ్చిన ఖర్చు లెక్కలు మామూలు మనిషి చూడొచ్చా?

రిటైర్డ్ ఉద్యోగి, సింగరాయకొండ:

చూడొచ్చు బాబూ. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఎన్నికల నిర్వహణ నియమాలు 88వ నియమం ప్రకారం ఎవరైనా ఒక్క రూపాయి ఫీజు కట్టి చూడొచ్చు, నిర్ణయించిన ఫీజు కడితే ధ్రువీకరించిన నకలు కూడా తీసుకోవచ్చు. నా సర్వీసులో ఆ రూపాయి కట్టి అడిగినవాళ్ళని అరుదుగా చూశాను. అఫిడవిట్లయితే ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోనే ఉంటాయి.

కోవూరు ఏజెంటు:

నెల్లూరు కలెక్టరేట్‌కి నేను వస్తా. ఎవరెవరు వస్తారో చెప్పండి.

పినాకిని ఆడిటర్:

నేనూ వస్తాను. వెళ్ళేముందు ఒక సలహా. ఖర్చు పేజీలతో మొదలుపెట్టొద్దు, కుర్చీల లెక్కల్లో పడి అలసిపోతాం. ముందు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పట్టికలు తీయండి. అభ్యర్థి సొంత డబ్బు ఎంత, పార్టీ ఇచ్చింది ఎంత, ఇతర వ్యక్తులు, కంపెనీలు అప్పుగా గానీ విరాళంగా గానీ ఇచ్చింది ఎంత అని విడివిడిగా ఉంటాయి. ఆ మూడో పట్టికలో పేర్లు రాసుకుందాం. గెలిచిన తర్వాత ఆ నియోజకవర్గంలో పనులు దక్కించుకున్న సంస్థల జాబితా పాత కాంట్రాక్టరు గారు తెస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆత్మకూరు పాత కాంట్రాక్టరు:

మా మండలం వరకు టెండర్ల కాగితాలు నా దగ్గర ఉన్నాయి. మిగతా మండలాలవి ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో దొరికినంత దించుకొస్తాను.